సాహితిని ఆపిన కోచ్

2011 అక్టోబర్, శనివారం. కమ్మింగ్, అమెరికా.

ఈరోజు ఫుట్‌బాల్ సెమీఫైనల్లో సగం ఆట కాగానే మా అమ్మాయి సాహితిని కోచ్ బయట కూర్చోబెట్టేశాడు. కాలేజీ వాళ్లు తమ జట్లకి ఆడేవాళ్లను ఎంచుకోవడానికి వచ్చిన మ్యాచ్ అది. నేను ఉండబట్టలేక వెళ్లి అరిచాను. ఆయన అంతా విన్నాడు.

"ఫ్రాన్స్‌లో నేను స్ట్రైకర్‌ని. మోకాలి నొప్పి దాచి, ఇంజెక్షన్లతో గోల్స్ కొట్టాను. మా మేనేజర్‌కి, అంటే అక్కడి కోచ్‌కి, తెలిసినా ఆపలేదు. నా ఆట అక్కడే ముగిసింది. తర్వాత నేనే మేనేజర్‌నయ్యాను. నొప్పితో ఎవర్నీ ఆడించను," అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను, "మోకాలు నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదు మమ్మీ, ఐ యామ్ ఫైన్. కోచ్ మొత్తం రూయిన్ చేశాడు."

అన్నం తినకుండా పైకి వెళ్లిపోయింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. రోజూ ఇంట్లోనే ఉండే నాకు ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదో...