ఎతేరి టీచరు ఇరవై ఒక్క రోజుల వ్రతం

జులై 3, ఉదయం 8.00

ముందుగా ఒక సవరణ, తేక్లే. నిన్న భోజనాల దగ్గర "నువ్వు రోజుకి వందసార్లు జనాన్ని సరిదిద్దుతావు అమ్మమ్మా" అన్నావు. అబద్ధం. లెక్కపెట్టాను. ఇరవై మూడు. అందులో నాలుగు రేడియోని. రేడియో మనిషి కాదు.

అయినా ఒప్పుకున్నాను. విదేశీ విద్యార్థుల వేసవి కోర్సు మన కుతాయిసి ఊళ్ళో జరిగే ఇరవై ఒక్క రోజులూ ఎవ్వరినీ సరిదిద్దను. కారణం నాకు తెలుసు. పోయిన వేసవిలో ప్రొఫెసర్ హాల్వర్సన్ "సోవియట్ తరువాతి సమాజంలో మార్పు" అని ఉపన్యాసం ఇస్తుంటే మధ్యలో లేచి, ఆయన పటంలో రియోని నది ఉత్తరానికి పారుతోందని చెప్పాను. నది పడమటికి పారుతుంది. అది నా అభిప్రాయం కాదు, నది అభిప్రాయం. ఆయన ముఖం కందగడ్డ అయింది. కోర్సులో నీ అనువాదం ఉద్యోగం ఊడే అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఈసారి ఆయన మంచి ఉత్తరం రాస్తేనే అక్టోబరులో విశ్వవిద్యాలయంలో నీకు పక్కా పోస్టు. రాయకపోతే లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో భూగోళం చెప్పినదాన్ని. మూడు వారాలు నోరు మూసుకోలేనా?

నియమాలు:
1. ఎవరినీ సరిదిద్దరాదు.
2. అడిగిన దానికే జవాబు. అదీ ఒక్క ముక్కలో.
3. మనింట్లో దిగే అమ్మాయికి పొద్దుటి ఫలహారం మాత్రమే. ఇది కోర్సు వాళ్ళ నిబంధన. (ఏ దేశంలో కూర్చుని రాశారో!)

నోటికొచ్చినదంతా ఈ పుస్తకంలో రాయమన్నావు. చివర్లో చదువుతానన్నావు. చదువుకో.

జులై 4, సాయంత్రం

అమ్మాయి వచ్చింది. ఆన్నెలీస్. హాలండు. తల గుమ్మానికి తగిలేంత పొడుగు. మన భాష ఏడాది నేర్చుకుందట. ధైర్యంగా మాట్లాడుతుంది, క్రియలన్నీ తలకిందులుగా. సరిదిద్దలేదు!

బాల్కనీలో పాత కిరసనాయిలు స్టవ్‌ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసింది.

"సోవియట్ కూలాక కరెంటు లేని రోజులకు గుర్తుగా దాచుకున్నారా, ఎతేరి గారూ?"

ఎత్తు సరిపోతుందని దాని మీద పూలకుండీ పెట్టుకున్నాను. "ఊఁ" అన్నాను.

సరిదిద్దినవి: సున్నా. మింగినవి: పదకొండు. ఇంత తేలికని తెలిస్తే ముప్పై ఏళ్ళ కిందటే మొదలుపెట్టేదాన్ని.

జులై 6, 10.30

కింది అంతస్తు జూలియెట్టా పరుగున వచ్చింది, చేతిలో జున్నురొట్టె పళ్ళెంతో.

"ఏమే ఎతేరీ, ఒంట్లో బాగాలేదా? రెండు రోజులుగా నీ గొంతు లేదు. అంబులెన్సుకి ఫోన్ చేయబోయాను."

"వ్రతం."

"ఏ దేవుడికి?"

"తేక్లే ఉద్యోగానికి."

మెట్ల మీద కూర్చుని పావుగంట నవ్వింది. తరువాత మధ్యాహ్న భోజనానికి ఆన్నెలీస్‌ని వాళ్ళింటికి తీసుకుపోయింది. ఫలహారం నిబంధన నాకుంది, జూలియెట్టాకి లేదు. రేపటి భోజనం మూడో అంతస్తువాళ్ళది. నేనేమీ ఏర్పాటు చేయలేదు, మెట్ల దగ్గర నిలబడి నిట్టూర్చానంతే.

జులై 8, ఉదయం

ఆన్నెలీస్ రికార్డరు బల్ల మీద పెట్టింది.

"ఆ చీకటి సంవత్సరాల్లో భయపడ్డారా?"

"లేదు."

"ఆకలి?"

"ఉండేది."

"మరి ఎలా బతికారు?"

"బతికాం."

ఒక్కో ముక్కకీ ఒక్కో పేజీ రాసుకుంది. నేనన్నది మూడు మాటలు. ఆ పేజీల్లో ఏముందో!

జులై 9

అంగీకార పత్రమట. సంతకం చేయాలి. మన భాషలోకి మార్చిన నాలుగు పేజీలు. ఎవరు మార్చారో గానీ, దాని ప్రకారం నేను "నా సమాచారాన్ని స్వేచ్ఛగా వదిలివేయబడుతున్నాను". ఎర్ర పెన్ను తీశాను. పదిహేడు తప్పులు. మార్కులు కూడా వేశాను, పదికి నాలుగు.

ఇది నియమభంగం కాదు. కాగితం మీద దిద్దడం మాట్లాడటం కిందికి రాదు. కాగితానికి మనసు నొచ్చుకోదు.

(ఆ పత్రం మన భాషలోకి మార్చింది నువ్వేనని సాయంత్రం తెలిసింది. ఐదు మార్కులు వేసి ఉండాల్సింది.)

జులై 11, మధ్యాహ్నం 3.00

మహాఘోరం. ప్రొఫెసర్ హాల్వర్సన్ ఆరుగురు విద్యార్థులతో మనింటికే దిగాడు. నువ్వు వెనకాల, మెడలో పేరు కార్డుతో, అనువాదానికి.

అప్పుడు నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. నువ్వు నేల చూస్తూ చెప్పావు: "మీ మౌనం ఎంతో మాట్లాడుతోందని అంటున్నారు ప్రొఫెసర్ గారు."

ఏడుగురూ వరసగా కూర్చుని ఇరవై నిమిషాలు నా మౌనాన్ని చూశారు. ఒకడు నా చేతుల్ని వీడియో తీశాడు. చిక్కుళ్ళు అయిపోయినా ఆపడానికి మొహమాటమేసి, ఒలిచిన తొక్కలు మళ్ళీ ఒలిచాను.

వాళ్ళు వెళ్ళాక ఆన్నెలీస్ మెరిసే కళ్ళతో అసలు సంగతి చెప్పింది. ఆమె పరిశోధన పేరు "మౌనపు తరం". పాత పాలనలో నోరు మూసుకోవడం నేర్చిన ఆడవాళ్ళు, కరెంటూ రొట్టే లేని రోజుల్లోనూ నోరు తెరవలేకపోయారట. భయం ఎముకల్లోకి ఇంకిపోయిందట. దానికి ఋజువు నేను. ప్రొఫెసర్ తన పుస్తకంలో ఒక అధ్యాయం దీని మీదే కడుతున్నాడట.

నీకిచ్చిన మాట కోసం నోరు మూసుకుంటే, నన్ను పరిశోధించేస్తున్నారు!

జులై 13

సరిదిద్దినవి: పిల్లికి, మూడు వాక్యాలు. కనుబొమతో, ప్రొఫెసర్ సహాయకుణ్ణి, వీధిలో, రెండుసార్లు. కనుబొమ నోరు కాదు. రేడియోని, తలుపు వేసుకుని, నలభై నిమిషాలు.

ఇవి లెక్కలోకి రావు.

జులై 16, ఉదయం 9.00

ఆన్నెలీస్ చిత్తుప్రతి చూపించింది. అందులో నేను "ఎ., 76". సోవియట్ కూలినప్పుడు టీచర్లు దిక్కుతోచక నిలబడిపోయారని రాసింది. దిక్కుతోచకపోవడమా! లేని దేశం పటం గోడ మీద ఉంది, కొత్త పటం ఆరేళ్ళు రాలేదు. పదిహేను కొత్త దేశాల సరిహద్దులు బాల్‌పెన్నుతో నేనే గీసి మర్నాడు పాఠం చెప్పాను. దిక్కులు చెప్పడమే నా పని.

నాలుక కొరుక్కున్నాను. నిజంగానే. మధ్యాహ్నం ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

సాయంత్రం నిన్ను అడిగాను, గుర్తుందా?

"ఒక్క పది నిమిషాలు చెప్పనా ఆ పిల్లకి?"

"అమ్మమ్మా, ఇంక ఎనిమిది రోజులే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇది అబద్ధమని నీకు తెలుసుగా?"

"తెలుసు."

"ఆయనకి చెప్పావా?"

"ఎలా చెప్తాను? ఆయన రాయాలిగా ఉత్తరం."

నువ్వు టీ తాగకుండా వెళ్ళిపోయావు. నేను మూడు కప్పులు తాగాను. ఒకటి కోపంతో.

జులై 20

సరిదిద్దినవి: సున్నా. ఇది విజయం అని రాయమంటే రాయను.

జులై 23, సాయంత్రం 6.00

అయిపోయింది. ఇరవయ్యో రోజు. ఒక్కటంటే ఒక్కరోజు తక్కువ.

పదకొండింటికి కోర్సువాళ్ళ సభ. ముందు వరసలో నన్ను కూర్చోబెట్టారు, మ్యూజియంలో కుండలాగా. తెర మీద నా చేతులు, నిలువెత్తున. తొక్కలు ఒలుస్తున్నాయి. ఆన్నెలీస్ చదివింది, చక్కగా చదివింది పాపం. తరువాత ప్రొఫెసర్ లేచి, ఈ స్త్రీలు చీకట్లో గొంతులు పోగొట్టుకున్నారన్నాడు. నువ్వు మైకులో మన భాషలో చెప్పావు.

"ఎవరే గొంతు పోగొట్టుకున్నది?" వెనక వరస నుంచి జూలియెట్టా.

దాన్ని ఎవరూ అనువదించలేదు.

11.50కి లేచాను.

ఏం చెప్పానో నీకు తెలుసు, అయినా రాస్తాను, నీ అనువాదంలో లేదు గనుక. కరెంటు లేదు, గ్యాసు లేదు, వార్తల్లేవు. మాకు పనిచేసినవి నోళ్ళు మాత్రమే అన్నాను. రొట్టెల వరసలో అరచేతి మీద నంబరు రాయించుకుని తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా అరిచాం. ఐదంతస్తుల ఆడవాళ్ళం బాల్కనీ నుంచి బాల్కనీకి కబుర్లు చెప్పుకుని వెచ్చబడ్డాం. మేం దొంగతనంగా లాగిన తీగలు కోయడానికి వచ్చిన కరెంటు ఇన్‌స్పెక్టరు మీద జూలియెట్టా బకెట్టెడు చన్నీళ్ళు గుమ్మరించింది, జనవరిలో. మౌనం ఆ కాలంలో ఎక్కడా దొరకలేదు, దొరికితే దానికీ వరస కట్టేవాళ్ళం అన్నాను.

బాల్‌పెన్ను పటం సంగతితో కలిపి పావుగంట మాట్లాడాను. నీ అనువాదం ఒక్క వాక్యం: "అందరికీ కృతజ్ఞతలు, అవి కష్టమైన సంవత్సరాలు అంటున్నారు." ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు, తల్లీ.

అప్పుడు లేచింది ఆన్నెలీస్. నిన్ను చూస్తూ, మన భాషలో: "కాదు. ఆవిడ అలా అనలేదు." క్రియ సరిగ్గా పడింది. మూడు వారాల్లో మొదటిసారి.

ఇక నన్ను నేనే ఆపుకోలేకపోయాను.

"మౌనపు తరం కావాలా ప్రొఫెసర్ గారూ? ముందు వరసలో లేదు. మైకు పట్టుకుని నిలబడింది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. తప్పని తెలిసిన మాటకల్లా మూడు వారాలుగా తల ఊపుతోంది. అది మా పాత ప్రభుత్వం నేర్పింది కాదు. మీరు రాయబోయే ఉత్తరం నేర్పింది."

అన్నాక భయమేసింది. ఆన్నెలీస్ రికార్డరులో భయం లేదన్నాను గానీ, ఇప్పుడు వేసింది.

నువ్వు నా వంక చూశావు. తరువాత ఆయన వంక. మైకు దగ్గరికి తెచ్చుకుని మొదటి నుంచీ మొదలుపెట్టావు. రొట్టెల వరస, బాల్కనీలు, బకెట్టు, పటం, అన్నీ. నేను మరిచిపోయినవి రెండు కూడా కలిపావు. చివరికి వచ్చేసరికి నేనన్న "ఆమె"ని తీసేసి "నేను" అన్నావు. నేను మౌనంగా ఉన్నాను, నేను తల ఊపాను.

ప్రొఫెసర్ ఏం చేశాడో చూశావా? నోటుబుక్కు తీసి "అణచివేత తరువాతి విస్ఫోటనం" అని రాసుకున్నాడు. ఆ మనిషిని ఓడించడం కుదరదు. అరిచినా అధ్యాయమే, ఊరుకున్నా అధ్యాయమే.

జులై 24

నువ్వు ఫోన్ ఎత్తలేదు. న్యాయమే.

జులై 25

ఎత్తలేదు. ఇది కొంచెం ఎక్కువ.

జులై 28, ఉదయం 11.00

ఆయన ఉత్తరం వచ్చిందట. రెండు వాక్యాలు. నీ సేవలకు కృతజ్ఞతలు, వచ్చే ఏడు వేరే నైపుణ్యాలున్న వారిని చూసుకుంటాం. అక్టోబరు పోస్టు పోయింది.

నువ్వే వచ్చి చెప్పావు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏడవకుండా. క్షమించమని అడగబోయాను. అది నాకు అలవాటు లేని పని, మాటలు వెతుక్కుంటున్నాను. ఈలోగా నువ్వే అన్నావు:

"అమ్మమ్మా, సభలో ఒక తప్పు చెప్పావు."

"నేనా!"

"ఇన్‌స్పెక్టరు మీద నీళ్ళు పోసింది జూలియెట్టా కాదు. నువ్వు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, మెట్ల మీదే కూర్చున్నాను. నేను కూడా తడిశాను. అనువాదంలో సరిచేశాను, నువ్వు గమనించలేదు."

కిందికి దిగి జూలియెట్టాని అడిగాను.

"నువ్వేనే పోసింది. ఇన్నేళ్ళుగా నా పేరు చెబుతున్నావు. వినడానికి బాగుందిలే అని ఊరుకున్నా."

పైకి వచ్చేసరికి నువ్వూ ఆన్నెలీసూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కోర్సు అయినా ఊరికి పోని ఆ పిల్ల, తన వ్యాసం పన్నెండు పేజీలూ చించేసింది. మన మెట్లదారిలో ఉన్న ఆడవాళ్ళందరినీ ఇద్దరూ కలిసి అడిగి మొదటి నుంచీ రాస్తారట. పైన నీ పేరు, కింద ఆమె పేరు. ఎవరి సిఫార్సూ లేకుండా. జీతమూ లేకుండా. దీన్ని మార్పు అంటారో మరేమంటారో మీరే తేల్చుకోండి.

తప్పు చెప్పానని మనవరాలు మొహం మీద అంటే ఎంత మండుతుందో డెబ్భై ఆరేళ్ళకి తెలిసింది. నా దగ్గర చదివిన పిల్లలందరూ గుర్తొచ్చారు. రోజుకి ఇరవై మూడు కొంచెం ఎక్కువేనేమో.

కాబట్టి రేపటి నుంచి మళ్ళీ ఇరవై ఒక్క రోజులు. ఎవ్వరినీ సరిదిద్దను. రేడియో సహా.

శనివారం వచ్చేటప్పుడు బజారు నుంచి పుల్లటి ఎర్ర ప్లమ్ పళ్ళు మూడు కిలోలు తీసుకురా, పచ్చడి పెట్టాలి. బూట్ల ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగు. ఫ్యాక్టరీ ఇప్పుడు లేదని నాకూ తెలుసు, అక్కడే దిగు. ఎడమచేతి వైపు మూడో బల్ల, నీలం గౌను ఆవిడ. బొటనవేలితో నొక్కి చూడు, మెత్తగా ఉంటే వద్దు. వెల్లుల్లి నాలుగు గడ్డలు. సీసా మూతలు పన్నెండు, వెడల్పువి. పోయినసారి ఇరుకువి తెచ్చావు.