నాయనమ్మ చెప్పని మాటలు

కాశీబుగ్గ,
12-8-2004.

ప్రియమైన నాన్నకు,

ప్రభువు నామంలో నీ లిల్లీ వందనాలు చెప్పి రాయునది. మేం ముగ్గురం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి, నాకు కెమిస్ట్రీ, నాయనమ్మకి మతిమరుపు. ఈ మూడూ మినహాయిస్తే మా క్షేమానికి ఏ లోటూ లేదు. ఖరగ్‌పూర్‌లో నువ్వూ వేళకి తింటున్నావని తలుస్తాను.

నాయనమ్మ మాత్రలు పనిచేస్తున్నాయా అని అడిగావు. నిద్ర పడుతోంది. అంతకుమించి ఆశపడొద్దని టెక్కలి డాక్టరు గారు ముందే చెప్పారు. ఇది ఉత్త మతిమరుపు కాదట, మెదడుకొచ్చిన జబ్బట. ఎనభై ఎనిమిదేళ్ల మనిషిని విసుక్కోకుండా చూసుకోవడమే వైద్యమన్నారు. అమ్మ ఆ వైద్యం బాగానే చేస్తోంది. నేను రోజు విడిచి రోజు చేస్తున్నాను.

ఇంట్లో పెద్ద వార్త పిడికెడు బియ్యం. వండే ముందు దేవుడికని ఓ పిడికెడు తీసి డబ్బాలో వేయడం, ఆదివారం గుడికి పట్టుకెళ్లడం మనింట్లో నాయనమ్మ పెట్టిన పద్ధతే కదా. ఇప్పుడు వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేస్తోంది. డబ్బా నిండితే బిందెలో వేస్తోంది. కిందటి నెలలో ఓ ఆదివారం నాటికి మన బస్తాలో సగం దేవుడిదైపోయింది. పేతురు పాస్టరు గారు పులకించిపోయి, మన కుటుంబం ఔదార్యం గురించి అందరి ముందూ ప్రార్థించారు. ఔదార్యవంతులం ఆ వారమంతా ఉప్మా తిన్నాం. ఇప్పుడు ఆవిడ అటు తిరగగానే అమ్మ ఓ నాలుగు పిడికెళ్లు ఉంచి మిగతాది బస్తాలో పోసేస్తోంది. పోసేటప్పుడు కళ్లు మూసుకుని ఏదో గొణుగుతుంది. క్షమాపణే అనుకుంటాను.

ఇక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నాయనమ్మకి పరీక్ష పెడుతున్నారు. పక్కింటి నీలమ్మ పిన్ని మొన్న ముఖం దగ్గర ముఖం పెట్టి, "నేనెవులో సెప్పు అత్తా" అంది.

"నువ్వెవులో నీకే తెలీకపోతే నాకేటి తెలుస్తాది? ఎల్లి మీ ఇంట్లో అడుగు" అంది నాయనమ్మ.

నీ ఆఖరి ప్రశ్నకి జవాబు రాయకుండా ఇంత దూరం లాక్కొచ్చాను. సెప్టెంబరులో సెలవు దొరికిందనీ, "మా అమ్మ నన్ను చూడగానే గుర్తుపడుతుంది కదా" అనీ రాశావు. నా ఉత్తరాల్లో నాయనమ్మ చెప్పిన మాటలు జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నానని కూడా రాశావు. అది చదివి రెండు రోజులు నాకు జోకు తోచలేదు.

నాన్నా, ఆ మాటలు ఆవిడవి కావు. "చలిలో తలకి గుడ్డ కట్టుకో", "నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను", అన్నీ నేనే కల్పించాను. క్రిస్మస్ నుంచి ఆవిడ నీ ఊసెత్తలేదు. నీ ఫోటో చూపిస్తే ఈ పెద్దాయనెవరని అడిగింది. అది నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు గుమ్మంలోకొచ్చి ఆవిడ ముఖం చూసి తెలుసుకోవడం కంటే, ఇప్పుడే నన్ను తిట్టడం నయం.

నిన్న మధ్యాహ్నం మాత్రం కాగితం పట్టుకుని నిజంగానే అడిగాను, ఏం రాయమంటావని. నన్ను మిషన్ బడి టీచరమ్మ అనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, నీ చిన్నప్పటి పిలుపుతో సహా రాస్తున్నాను, ఇందులో నాది ఒక్క ముక్కా లేదు: "మా శాంతిగుంటడు ఇంకా ఇంటికి రాలేదండి. నోరు తెరిచి అడగడు ఆడు. ఎవులింటి కాడున్నా, ఆడికింత అన్నం ఎట్టమని రాయండమ్మా."

నువ్వు రా నాన్నా. గుర్తుపడుతుందని హామీ ఇవ్వలేను. నువ్వు మాత్రం పరీక్ష పెట్టకు, నేనెవరినని అడగకు. పక్కన కూర్చుని ఆకలేస్తోందని చెప్పు. ఎవరైనా సరే, ఆ మాట వింటే ఆవిడ లేచి కంచం తెస్తుంది.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా ఉన్న కూతురు,
లిల్లీ