ఈస్టరు దాకా అనకూడని మాట

మార్చి 4, మంగళవారం

మధ్యాహ్నం కోడికూర. అత్త అడక్కుండానే రెండోసారి వడ్డించింది. "తినమ్మే, రేపట్నుంచి తపస్కాలం. ఈస్టరు దాకా ముక్క ఉండదు." ఆయన ఎముకలు కూడా వదల్లేదు.

గిన్నెలు తోముతూ నోట్లోనే ఏదో పాడుకుంటున్నా. అత్తకు పాము చెవులు. "ఆ అల్లెలూయ ఈ పొద్దుతో సరి. రేపట్నుంచి గుళ్ళో ఫాదరే అనడు, నువ్వు అంటావా?"

తెలుసు. మా ఊళ్ళో సిస్టరమ్మ చెప్పేది — ప్రభువు సమాధిలోంచి లేచేదాకా ఆ మాట కూడా నిద్రపోతుంది అని.

అయితే నేను రాయను కూడా. ఇదే కడపటిది — అల్లెలూయ.

మార్చి 5, విభూది బుధవారం

ఉదయం పూజకు పోయి నుదుటన విభూది పెట్టించుకుని వచ్చాం. కొళాయి దగ్గర పక్కింటి గౌరక్క — "ఏనమ్మా, శివరాత్రి మొన్ననే ఆయె కదా, నువ్వు ఈ పొద్దు పెట్టుకుండావు?" నాకు నవ్వొచ్చింది. బిందె ఎత్తుకుని వచ్చేశా. ఎవరన్నా ఎదురుగా నిలబడి అడిగితే నా నోరు ఇంతే.

మార్చి 6, గురువారం

పడుకునే ముందే రాయాలి.

ప్రతి గురువారం మా వాడ ప్రార్థన ఒక్కో ఇంట్లో. ఈ వారం మా వంతు. ఉండేది ఒక గది, మంచం నిలబెట్టి గోడకు ఆనించాం. బెంగళూరు పక్కన ఈ హెబ్బగోడిలో ఉన్న తెలుగువాళ్ళంతా మా గదిలోనే ఉన్నారేమో అనిపించింది. నేను పొయ్యి దగ్గర, తలుపు చాటున.

జపమాల సగంలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెతికేలోపు ఎవరో మరియమాత పాట ఎత్తుకున్నారు, రెండో చరణం ఎవరికీ రాలేదు. నాకు వచ్చు. చీకటే కదా. పాడాను. మొత్తం. గొంతు దాచుకోకుండా — పెళ్ళయి వచ్చాక ఇదే మొదటిసారి.

కరెంటు వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు.

గుగ్గిళ్ళ గిన్నె తీసుకుని తల ఎత్తకుండా అందరికీ పంచాను. ఎట్ల పంచానో నాకే తెలియదు.

ఆయన లేడు. సెకండ్ షిఫ్ట్.

మార్చి 7, శుక్రవారం

సిలువ మార్గం. పద్నాలుగు స్థలాలూ మోకాళ్ళ మీద. ప్రతిసారీ లేచినప్పుడు ఇన్నాసప్ప మాస్టరు — మా తెలుగు పాటల గుంపుకు పెద్ద, బజారులో టైలరు — వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. నా జాకెట్టు కుట్టు పోయిందేమోనని కొంగు కప్పుకున్నా.

మార్చి 9, ఆదివారం

జాకెట్టు కాదు!

మాస్టరు సాయంత్రం ఇంటికి వచ్చాడు. మాకు తెలుగు పూజ నెలకొక్కటే, మూడో ఆదివారం. ఏప్రిల్లో మూడో ఆదివారం ఈస్టరే పడింది. ఆ పండక్కు కన్నడ, తమిళం, ఇంగ్లీషు అన్నీ కలిపి ఒకటే పూజ. అంటే మా పూజ పోయినట్టే. మాస్టరు ఫాదర్ దగ్గరికి పోయి వాదులాడినాడంట. "మా నెల మింగేస్తే ఎట్ల ఫాదర్? మాకూ ఏదో ఒకటి ఇయ్యండి."

ఫాదర్ ఇచ్చింది — ఆ మాట!

ఈస్టరు ముందటి శనివారం రాత్రి పాస్కా జాగరణలో, ఇన్ని దినాల తర్వాత మొదటిసారి ఆ మాట లేచేది సువిశేషానికి ముందు. ముందు ఒక్కరే పాడాలి, తర్వాత గుడంతా అందుకోవాలి. మూడుసార్లు. ప్రతిసారీ ఇంకొంచెం పైకి. ఫాదరే పాడాల్సింది. "నేను పాడితే లేచిన ప్రభువు మళ్ళీ సమాధిలోకి పోతాడు" అన్నాడంట.

"అది మీ కోడలు పాడాల, శౌరమ్మక్కా."

నేను తలుపు చాటున చచ్చిపోయాను.

అత్త — "అది? అది ఉప్పు కావాలన్నా సైగ చేస్తాది మాస్టరూ."

"చీకట్లో పాడింది కదక్కా."

అప్పుడు గుర్తొచ్చింది. జాగరణ అంటే చీకటి. మా ఊళ్ళో గుడికి కరెంటే లేదు, ఆ రాత్రంతా వత్తుల వెలుగే, పక్కనున్నది అక్కో అత్తో కూడా తెలిసేది కాదు. చీకట్లో అయితే... తల ఊపేశాను.

మాస్టరు పోతూ పోతూ — "అమ్మా తెరేజమ్మా, మనోళ్ళకు ఇచ్చింది ఇదొక్కటే. ఇది బాగుంటే వచ్చే ఏడు ఇంకోటి అడగొచ్చు. తప్పు పోతే..."

మార్చి 10, సోమవారం

నిద్ర లేదు. భయం కాదు. కాదు, భయమే. కానీ మంచి భయం.

ఆయనకు చెప్పాను. ఇంత కళ్ళు చేసుకుని చూసి — "నువ్వా? ఏదీ, ఒకటి పాడు." పాడలేదు. "మొగుడికి పాడవు, ఊరంతటికీ పాడతావా?" అని జడ లాగి డ్యూటీకి పోయాడు. నిజమే, పెళ్ళయి రెండేళ్ళు అయినా నా పాట ఆయన వినలేదు.

మార్చి 13, గురువారం

పెద్ద చిక్కు. పాట నేర్చుకోవాలంటే ఆ మాట అనాలి. ఆ మాట ఈస్టరు దాకా అనకూడదు!

మాస్టరు — "నా నా అని పాడుకో." నా నా అంటే రాగం నిలవడం లేదు, జారిపోతోంది. నాలుక పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

బెండకాయలు తరుగుతున్నా. ఊరికే నోట్లోంచి వచ్చింది — బెం... డ... కా... యా! సరిగ్గా కూర్చుంది. ఎక్కడ లాగాలో అక్కడ లాగొచ్చు, ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తొచ్చు. మళ్ళీ పాడాను. మళ్ళీ.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తిడుతుందనుకున్నా. ఆలోచించి — "దాంట్లో పాపమేం లేదులే" అంది.

మార్చి 16, ఆదివారం

తెలుగు పూజ. మొదటిసారి పాటల గుంపులో నిలబడ్డా. స్తంభం వెనక. మాస్టరు ఒకసారి ముందుకు లాగాడు. మళ్ళీ వెనక్కి పోయాను.

మార్చి 18, మంగళవారం

మొదటి బెండకాయ బాగుంది. రెండోది బాగుంది. మూడోది ఎక్కదు. గొంతు అక్కడికి పోయి గోడ తగిలినట్టు ఆగిపోతుంది.

మార్చి 23, ఆదివారం

ప్రాక్టీసుకు ఎవరూ రాలేదు. మాస్టరు కూడా. అందరూ కిరాణా అంగడి టీవీ ముందు, వరల్డ్ కప్పు ఫైనలంట. సాయంత్రానికి వీధి వీధంతా చావు ఇల్లులా ఉంది. ఆయన అన్నం ముట్టలేదు. "మ్యాచ్ పోయింది, నువ్వన్నా గెలువ్" అన్నాడు, గోడ వైపు తిరిగి పడుకుని.

మార్చి 28, శుక్రవారం

సిలువ మార్గం అయ్యాక మాస్టరు మెట్ల మీద కూర్చోబెట్టి శనివారం రాత్రి వరస చెప్పాడు. బయట కొత్త నిప్పు. పాస్కా వత్తి. చీకట్లో పఠనాలు. ఆ తర్వాత మహిమ గీతం — గంటలు, "అప్పుడు గుడిలో లైట్లన్నీ ఒకేసారి వేస్తారు చూడు, కళ్ళు చెదురుతాయి." ఆ తర్వాత ఒక చిన్న పఠనం. "ఆ తర్వాత నువ్వు."

లైట్ల తర్వాత?

"ఆఁ, లైట్ల తర్వాతే. ఎందుకమ్మా?"

ఏమీ లేదన్నాను.

మార్చి 29, శనివారం

మా ఊళ్ళో లైట్లు లేవు కాబట్టి వెయ్యలేదు. అంతే. నేను చీకటి అనుకున్నా. నా బుద్ధి.

అత్తకు చెప్పాలి, నాతో కాదని. రేపు చెప్తా.

మార్చి 30, ఆదివారం

చెప్పలేదు. పూజ నుంచి వస్తుంటే దారిలో కడప వైపు ముసలాయన ఒకాయన, పేరు కూడా తెలియదు, నా ముందు ఆగి చేతులు జోడించాడు. "మన బాసలో ఈస్టరు విని ఎన్నేళ్ళయిందో తల్లీ."

ఇంక ఎట్ల చెప్పను?

ఏప్రిల్ 2, బుధవారం

గౌరక్క వాళ్ళకు ఉగాది. ఒబ్బట్లు తెచ్చింది, నెయ్యి కారుతూ. తపస్కాలానికి తీపి మానేశానని చెప్పలేక తీసుకుని ఆయనకు పెట్టా. ఆయన నాకు చూపిస్తూ చూపిస్తూ తిన్నాడు.

గౌరక్క పోకుండా నిలబడింది. "ఒక మాట కేళ్తాను, బేజారు చేసుకోవద్దు. దినామూ ఆ బెండేకాయి పాట ఏమిటమ్మా? మీ దేవుడికి బెండేకాయి అంటే అంత ఇష్టమా?"

నేను నవ్వాను. గట్టిగా. గౌరక్క ముఖంలోకి చూసి మొత్తం చెప్పాను — తపస్కాలం, ఆ మాట, లైట్లు, అన్నీ. అంత మాట్లాడానని తర్వాత తెలిసింది. ఆమె బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని విని — "లైట్ వేస్తే ఏమే? కళ్ళు మూసుకో."

ఏప్రిల్ 5, శనివారం

గుడి ఊడ్చే వంతు మా వాడది. మిగతావాళ్ళు బయట నీళ్ళు చల్లుతుంటే లోపల లైట్లన్నీ వేసుకుని మైకు ముందు నిలబడ్డా. కళ్ళు మూసుకున్నా. ఎదురుగా ఖాళీ బల్లలే. అయినా నోరు తెరుచుకోలేదు.

లైట్లు ఆర్పి చీపురు తీసుకున్నా.

ఏప్రిల్ 8

మూడోది ఎక్కింది!! ఒక్కసారే. గుడ్డలు ఉతుకుతూ, రాయి మీద దుప్పటి కొట్టే ఊపులో. మళ్ళీ రాలేదు. కానీ ఎక్కింది. అది నా గొంతులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకుని బస్టాండు దాకా ఊరేగింపు. బస్సులు ఆగిపోయాయి. కండక్టర్లు తొంగి చూస్తున్నారు. హోసన్నా, హోసన్నా — నాలుగు బాసల్లో ఒకేసారి, ఎవరి రాగం వాళ్ళది, కలిసి ఒకటే గోల. ఎంత బాగుందో. నేను కూడా అరిచాను. గుంపులో నేను ఎవరికీ కనపడను కదా.

అత్త మట్టతో సిలువ అల్లి తలుపుకు గుచ్చింది. గౌరక్క కూడా ఒకటి అడిగి తీసుకుంది.

ఏప్రిల్ 15, మంగళవారం

అయ్యో. అయ్యో అయ్యో.

అన్ని బాసల వాళ్ళకూ కలిపి ప్రాక్టీసు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. కన్నడం వాళ్ళు ఒక పక్క, తమిళం వాళ్ళు ఒక పక్క, ఫాదర్ మధ్యలో కుర్చీ వేసుకుని. మాస్టరు చెవిలో — "నా నా అని పాడమ్మా, రాగం వాళ్ళకు తెలిస్తే చాలు."

మైకు. కళ్ళు మూసుకున్నా. గొంతు తెరిచాను.

బెం... డ... కా... యా...

గుడంతా మోగింది. మైకులో. పీఠం దాకా పోయి తిరిగి వచ్చింది.

మాస్టరు ముఖం తెల్లబోయింది. నేను చేత్తో నోరు మూసుకున్నా, భూమి పగిలితే దూకేదాన్ని. తమిళం వాళ్ళలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఫాదర్ లేచాడు. అయిపోయింది, తీసేస్తాడు అనుకున్నా. మనోళ్ళకు ఇచ్చిన ఒక్కటీ నా నోటితోనే పోయింది.

ఫాదర్ రెండు చేతులూ ఎత్తి, రాగం లేకుండా, గాడిద గొంతుతో — "బెండకాయా!"

అంతే. కన్నడం వాళ్ళు "బెండేకాయీ", తమిళం వాళ్ళు "వెండక్కాయ్", గుడంతా అదే రాగంలో! ఫాదర్ నా వైపు చెయ్యి చూపించాడు — కానీ, కానీ. నవ్వుతూనే రెండోది పాడాను. వాళ్ళు అందుకున్నారు. మూడోది... నవ్వులో ఎప్పుడు పైకి పోయానో తెలియదు. ఎక్కింది. లైట్లలో. అందరూ చూస్తుండగా. కళ్ళు తెరిచే ఉన్నాయి.

చివరికి ఫాదర్ కళ్ళు తుడుచుకుని — "తల్లీ, నువ్వే పాడాల. కానీ శనివారం రాత్రి ఈ గుడిలో ఎవరి నోట్లోనన్నా బెండకాయ వచ్చిందా... బిషప్పు గారికి నేను జవాబు చెప్పలేను."

ఏప్రిల్ 16, బుధవారం

ఇప్పుడు లైట్ల భయం పోయింది. బెండకాయ భయం పట్టుకుంది. నాలుక దానికే అలవాటు పడిపోయింది. సరిదిద్దుకుందామంటే అసలు మాట అనకూడదు. ఒక్కసారి కూడా అని చూసుకోకుండా నేరుగా ఆ రాత్రే అనాలి.

అత్తను అడిగా — "ఒక్కసారి, గుసగుసగా, తలుపు వేసుకుని..." అత్త బియ్యం చెరుగుతూనే "నీ ఇష్టం" అంది. అట్లంటే వద్దని.

వద్దులే. నాకూ వద్దు. ఇన్నాళ్ళు దాచుకున్నది, గదిలో గుసగుసగా ఖర్చు చేసుకోవాలా?

ఏప్రిల్ 17, గురువారం

ప్రభువు శిష్యులతో చేసిన కడరా భోజనం పూజ. మహిమ గీతానికి గంటలు మోగించి ఆపేశారు, మళ్ళీ శనివారం రాత్రే. పూజలో గంటలకు బదులు చెక్క తట్టు ఒకటే — టక్, టక్.

దారిలో మాస్టరు — "నిద్రపోతాండావా తల్లీ?" పోతున్నానని అబద్ధం చెప్పాను.

ఏప్రిల్ 18

మంచి శుక్రవారం. నోట్లో ఏ రాగమూ లేదు.

ఏప్రిల్ 19, శనివారం

మధ్యాహ్నం. ఆయన డ్యూటీకి పోయాడు. షిఫ్ట్ పదింటికి వదులుతారు, కంపెనీ బస్సు ఆలస్యమైతే అందుకోలేడు. "లైన్ ఆపి అయినా వస్తా" అన్నాడు. లైన్ ఆయన ఆపితే ఆగేదా? గుమ్మం దాటి మళ్ళీ తిరిగి వచ్చి — "నన్ను చూసి పాడకు, నవ్వొస్తాది నీకు."

తల నీళ్ళు పోసుకున్నా. అత్త మిరియాల పాలు ఇచ్చింది. పెళ్ళి నాటి తెల్ల చీర తీసి తానే ఇస్త్రీ చేసింది. ఇన్నాళ్ళలో నా చీర ముట్టలేదు ఎప్పుడూ.

గౌరక్క వచ్చి పోయింది. వాళ్ళాయనతో బయట నిలబడి వింటుందంట. "లోపలికి రావొచ్చా?" అంది. రావొచ్చు అక్కా, రా, అన్నా.

సాయంత్రం. వంటింట్లోంచి సన్నగా వినిపించింది. అత్త! తరుగుతున్నది వంకాయలు, పాడుతున్నది బెండకాయా. మూడోది కూడా, నాకంటే నున్నగా ఎక్కింది. నేను గుమ్మంలోకి పోతే ఠక్కున ఆపి — "ఏముండాది అట్ల చూడ్డానికి? నేనూ మా ఊళ్ళో పాడినదాన్నే. ఎవరూ అడగలా, అంతే."

ఇద్దరం కలిసి వత్తులు సంచిలో పెట్టుకున్నాం.

ఇంక బయల్దేరాలి. నోరు మూసుకునే ఉన్నా. లోపల మాట ఉంది, దాని పక్కనే బెండకాయ ఉంది, రెండూ ఒకే రాగం పట్టుకుని నిలబడి ఉన్నాయి... ఏది ముందు లేస్తుందో. బస్సు వస్తుందో రాదో.

అత్త చెప్పులు వేసుకుని పిలుస్తోంది. కింద ఒక గీత చోటు వదిలాను, ఒక్క మాట పట్టేంత —