గట్టు మాత్రం హారికకు

12 జూన్ 2008, గురువారం. మజ్జిగ చిలికాను, ఆవకాయ తిరగకలిపాను, కందులు విసిరాను, పాలవాడి లెక్క కట్టాను. పదింటికల్లా అన్నీ అయ్యాయి.

ఇన్ని పనుల్లో ఒక్కటీ మరవని మనిషికి మతి స్థిమితంగా ఉన్నట్టే గనుక, వెంకయ్య గారి భార్యనైన కోటిరత్నం అనే నేను, యాభై నాలుగేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. సోమవారం గుంటూరులో నా పిత్తాశయంలోని రాళ్లు తీస్తారు. చిన్న ఆపరేషనే అన్నారు. అయినా ముందే సర్దుకోవడం నా అలవాటు.

1. నా పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన మూడున్నర ఎకరాలలో పైచెక్క పెద్దవాడు చైతన్యకృష్ణకు, కిందిచెక్క చిన్నవాడు బాలుకు. ఇప్పుడు ఎవరు సాగుచేసుకుంటున్నది వారికే.

2. ఆ రెండు చెక్కల నడిమి గట్టు మాత్రం, పొన్నూరులో కాపురముంటున్న మా అమ్మాయి హారికకు. కారణం చెప్పకపోతే నాకు మతి చలించిందంటారు.

మా నాన్న ఇచ్చిననాడు ఆ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడిచేవాళ్లు. కొడుకులు చెరో చెక్క దున్నడం మొదలుపెట్టాక ఏటా చెరో సాలు గట్టులోకి తోలారు. అడిగితే పెద్దవాడు, "ఒక్క సాలేగదమ్మా, గట్టేమన్నా కరిగిపోద్దా?" అనేవాడు. చిన్నవాడు, "అన్న తోలుకుంటంటే నేను చూస్తా కూర్చోవాలా?" అనేవాడు. 2006 నాటికి దాని మీద కోడి నడవాలన్నా ఆలోచించేది. ఆ ఏడు తుపానుకు వాగు పొంగి గట్టు తెగింది. పైచెక్కలో మంచి మట్టి కొట్టుకుపోయింది, కిందిచెక్కలో మిరప మీద ఇసుక మేట వేసింది.

పొలాలు బాగుచేసుకోమని ప్రభుత్వం అత్యవసర రాయితీ ఇచ్చింది. అది ఇసుక ఎత్తడానికి, సగం గట్టుకు సరిపోయింది. చూడవచ్చిన అధికారి, "ఇదే గట్టుకి మళ్లీ ఇవ్వరండీ, జాగ్రత్త" అని చెప్పి మరీ వెళ్లారు. మిగతా సగానికి నా మెడలో గొలుసు వెళ్లింది. ఆ గొలుసు హారికకని ఎప్పుడో అనుకున్నది. గొలుసు గట్టులో ఉంది కనుక గట్టు హారికది. అన్నదమ్ములు ఒకరి గట్టు ఒకరు కొరుకుతారుగాని ఆడపడుచు సొత్తు జోలికి పోరని నా నమ్మకం.

3. గట్టు మీద వేసే కంది పంట, ఆ మట్టి మోసిన కూలీల ముఠా మేస్త్రి సంతోషకుమారికి, ఆమె ఉన్నన్నాళ్లూ. ఆమె చూపు చురుకు, నోరు అంతకంటే చురుకు. కాపలాకు ఇంకెవరూ అక్కర్లేదు.

4. నా పెద్ద జాడీ తోడికోడలు వెంకటరావమ్మక్కకు. పదకొండేళ్లుగా ఆమె ఇంట్లోనే ఉంది. మూత నా దగ్గరుంది, అదీ పంపించేయండి.

5. మా ఆయనకు నా ట్రాన్సిస్టరు, వంటింటి తాళాలు. పంచదార డబ్బా ఉన్న బీరువా తాళం మాత్రం కోడలు లక్ష్మీదుర్గకు. ఆయన ఎంత బతిమాలినా ఇవ్వకూడదు, ఆయన ఇంకా చాలా కాలం ఉండాలి.

6. వీటిని అమలు జరిపే బాధ్యత ప్రేమదాసు మాస్టారిది. ఏటా దుక్కులయ్యాక టేపు పెట్టి గట్టు కొలవాలి. వెడల్పు మూడడుగులు.

కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించి సంతకం చేస్తున్నాను.

(సం.) కోటిరత్నం
సాక్షులు: లాల్ అహ్మద్, జయకుమారి

అదే రోజు సాయంత్రం చేర్చినది: నిన్నటి దుక్కిలో చైతన్యకృష్ణ మళ్లీ ఒక సాలు గట్టులోకి తోలాడు. ఈ వీలునామా విన్నాక పార పట్టుకుని గట్టు దగ్గరకు వెళ్లాడు. అన్నను చూసి నవ్విన బాలు, కాసేపటికి తనూ తట్ట తీసుకుని వెళ్లాడు. ఇద్దరూ ఆ సాలు మట్టితో పూడ్చాక మాస్టారు టేపు పెట్టారు. మూడడుగులు. హారికకు అన్నదమ్ములు పడ్డ గట్టు బాకీ ఈ ఏటికి చెల్లు.