నోట్లో గడ్డం

మార్చి 4

ఇందుమూలంగా ఎవరికీ తెలియజేయకూడనిది ఏమనగా, నా నోట్లో వెంట్రుకలు మొలిచాయి.

మధ్యాహ్నం అన్నం తింటుంటే కుడి బుగ్గలో ఏదో అడ్డం పడింది. అక్క మీద ఎగిరాను. కూరలో జుట్టు వడ్డించడం ఎప్పట్నుంచి అన్నాను. అక్క జడ ముందుకి వేసుకుని, నాది ఇంత పొడుగు, నీకు దొరికింది గోరంత, ముందు నీ తల వెతుక్కో అంది. వేలు పెట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. బుగ్గ కదిలింది. నొప్పి మాత్రం లేదు. ఎవరి వెంట్రుకనో ఎవరో లాగుతున్నట్టుంది.

అద్దం ముందు ఫోను లైటు వేసుకుని చూశాను. ఒకటి కాదు. నల్లగా, వంకరగా, చిన్న తోట.

పోయిన అక్టోబరులో ఆ బుగ్గ లోపల గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. ఆ మేరకు కోసేసి, తొడ చర్మం తెచ్చి లోపల అతుకు వేశారు. అతుకు చక్కగా అంటుకుంది. ఒకటే లోపం. ఇల్లు మారిన సంగతి తొడకి ఎవరూ చెప్పలేదు. పాపం, పాత ఉద్యోగమే చేసుకుంటోంది.

మార్చి 6

సర్జను గారు టార్చి వేసి చూసి సంతోషించారు. నా నోరు చూసి సంతోషించిన మొదటి మనిషి. ఇది మంచి గుర్తే బాబూ అన్నారు. కోసిన అంచులు శుభ్రంగా వచ్చాయి కాబట్టి నీకు కరెంటు పెట్టలేదు, పెట్టి ఉంటే ఈ కుదుళ్లు ఎప్పుడో మాడిపోయేవి అన్నారు. కరెంటంటే రేడియేషన్. ఆస్పత్రిలో అందరూ అలాగే అంటారు, బిల్లు కట్టకపోతే ఆపేస్తారేమో అన్నట్టు.

అంటే ఒక్కో వెంట్రుక ఒక్కో హెల్త్ సర్టిఫికెట్. అయినా మింగుడు పడటం లేదు. మెతుకులు ఇరుక్కుంటాయి, వాసన వస్తుంది, మాట్లాడుతుంటే చొంగ కారుతుంది. స్కిన్ డిపార్టుమెంటుకి వెళ్లు, లేజర్ చేస్తారు అన్నారు.

సాయంత్రం బావకి చెప్పాను. పేపరు మడిచి చాలా గంభీరంగా ఆలోచించాడు. గడ్డ పోయి గడ్డం వచ్చిందన్నమాట, తేడా ఒక్క సున్నాయే కదా, దానికి ఇంత ఏడుపెందుకోయ్ బామ్మర్దీ అన్నాడు. అక్క గరిటె ఎత్తింది. నేను మాత్రం ఆపరేషన్ అయ్యాక మొదటిసారి కడుపుబ్బ నవ్వాను. అతుకు చివర్న లాగింది.

మార్చి 9

పరుపులు అమ్ముతాను. అమ్మేవాణ్ణి. ఫిలాసఫీ చదివి పరుపుల షోరూంలో చేరావేంటని అందరూ అడుగుతారు. రెండూ ఒకటే సబ్జెక్టు, మనిషికి నిద్రెందుకు పట్టదు అన్నది. కవరు తీయని పరుపు మీద కస్టమర్ని పడుకోబెట్టి, పక్కన నిలబడి, అతని నడుం నొప్పి గురించి అతనికే తెలియని విషయాలు చెప్పేవాణ్ణి. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇప్పుడు నువ్వుగింజలు, మెతుకులు అన్నీ నానుతున్నాయి.

ఇప్పుడు నా సీటు వెనక గోడౌన్లో. కర్చీఫుతో చొంగ తుడుచుకుంటూ లేబుళ్లు అంటిస్తాను. ఓనరు గారు చెడ్డవారేం కాదు. చేతిలోంచి ఆ కర్చీఫు దిగిన రోజు ముందుకి వచ్చెయ్, నీ చోటు నీదే అన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను.

మార్చి 18

స్కిన్ డిపార్టుమెంటు బెంచీ మీద అందరూ చేతుల కోసం, కాళ్ల కోసం, పై పెదవి కోసం వచ్చినవాళ్లు. పక్కనున్న అమ్మాయి మీకెక్కడండీ అని అడిగింది. నోరు తెరిచి చూపించాను. సీటు మారింది.

లోపలున్న డాక్టరమ్మకి లేజరమ్మ అని పేరు పెట్టుకున్నాను. మనిషి నెమ్మది. మాట ఇంకా నెమ్మది. ఈ వెలుగు నలుపునే వెతుక్కుంటుందండీ అంది. వెంట్రుకలోని నలుపును పట్టుకుని, దాని వెంటే కిందికి దిగి, కుదురుని వేడితో చంపుతుందట. తెల్ల వెంట్రుక కనిపిస్తే మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తుందట. పైగా అన్నీ ఒకేసారి పెరగవట. కొన్ని పెరుగుతుంటే కొన్ని నిద్రలో ఉంటాయి, నిద్రపోయేవాటిని లేజర్ ఏమీ చేయలేదు, అందుకని నెలా నెలన్నరకోసారి చొప్పున ఆరో ఎనిమిదో సిట్టింగులు కావాలి అంది. మొత్తం పోతాయని మాటివ్వను, పలచబడతాయి, సన్నబడతాయి అంది. నిద్రపోయేవాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరని మా షోరూంలో ఎప్పట్నుంచో చెబుతున్నాం.

తర్వాత టార్చి వేసి, వెంట్రుకలేవీ అంది.

నిన్న అక్క పట్టకారుతో ఒక్కటి మిగలకుండా పీకేసింది. డాక్టరమ్మ దగ్గరికి అలా వెళ్తే మా పెంపకం గురించి ఏమనుకుంటుంది అని. లేజరమ్మ నవ్వాపుకుంది. కుదురుతో సహా పీకేస్తే వెలుగు దేన్ని పట్టుకుని దిగుతుందండీ, కత్తిరించండి గాని పీకకండి, మొలిచాక రండి అంది. దొంగని పట్టుకోవడానికి పోలీసులు వస్తే, ఇల్లు చూడ్డానికి బాగుండదని దొంగని పెరటి గుమ్మంలోంచి సాగనంపాం.

ఏప్రిల్ 22

మొలిచాయి. వెళ్లాను.

కళ్లకి నల్ల గాగుల్స్. పళ్ల మీద తడి గుడ్డ. నోరు మూసుకోకుండా మధ్యలో రబ్బరు దిమ్మ. జీవితంలో మొదటిసారి నన్ను మాట్లాడకుండా చేసిన ఘనత ఆ దిమ్మదే. లేజరమ్మ ఇప్పుడు అంది. టప్. అతుకు మీద ఏమీ తెలియలేదు, దానికి నరాలు లేవు. నా సొంత బుగ్గ మొదలయ్యే అంచు దగ్గర మాత్రం రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టు చురుక్కుమంది. వెంట్రుక కాలిన వాసన. బయట్నుంచి కాదు, నాలోంచే. వంటింట్లో ఏదో మాడుతోంది, ఆ వంటిల్లు నేనే.

జాగ్రత్తలన్నీ రెండుసార్లు చెప్పింది. ఒకట్రెండు రోజులు ఎర్రబడుతుంది, వాస్తుంది. చల్లటి నీళ్లతో పుక్కిలించాలి. వేడివి, కారంవి వద్దు. వారం, రెండు వారాల్లో వెంట్రుకలు మళ్లీ పెరుగుతున్నట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి, అవి పెరగడం కాదు, చచ్చినవి బయటికి రావడం అంది.

ఏప్రిల్ 23

చెప్పినట్టే వాచింది. చెప్పిన మాట వినే అవయవం నా ఒంట్లో ఇదొక్కటే.

మే 5

పొద్దున అక్క నోరు చూసి ఏడుపు అందుకుంది. మళ్లీ వచ్చేశాయిరా, అంతా వృథా అని. రావడం కాదే, అవి సామాను సర్దుకుని వెళ్లిపోతున్నాయి అన్నాను. పుక్కిలిస్తే సింకులో నల్లటి చుక్కలు, మిరియాలు చల్లినట్టు. అక్క ఒక్కోదాన్నీ వంగి చూసి వీడ్కోలు చెప్పింది. బావ వెనక నుంచి, చివరి చూపు అయిపోతే నేను షేవింగ్ చేసుకోవాలి అన్నాడు.

జూన్ 3

రెండో సిట్టింగ్. సగం పోయాయట. లేజరమ్మ మొహంలో కూడా సంతోషం కనిపించింది.

అంచు దగ్గర చిన్న పుండు ఉందట, నేను చూసుకోలేదు. వెలుగు తగిలి కాలి ఉండొచ్చు, పంటి రాపిడి కావచ్చు, వారం, పది రోజుల్లో మానాలి అంది. అక్కడ కొట్టకుండా వదిలేసింది. మానకపోతే నా కోసం ఆగకండి, నేరుగా సర్జను గారి దగ్గరికి వెళ్లండి అంది. గుమ్మం దాకా వచ్చాక మళ్లీ అదే మాట అంది. సరేనండీ అన్నాను. రెండుసార్లూ అన్నాను.

జూన్ 16

షోరూం ముందు భాగం. ఏసీ చల్లదనం. కొత్త ఫోము వాసన. కర్చీఫు జేబులో, చేతిలో కాదు.

మొదటి బేరం ఒక రిటైర్డు మేస్టారిది. బూట్లతోనే పడుకుని కళ్లు మూసుకున్నారు. ఈ పరుపు మీద లేవాలనిపించదండీ, అదే దీని దోషం అన్నాను. ఒక్క అక్షరం కూడా జారలేదు. ఆయన కళ్లు తెరవకుండానే, నీ గొంతు బాగుందయ్యా, ఇంకా చెప్పు అన్నారు. నేను కౌంటరు వెనక్కి వెళ్లి కాసేపు బిల్లు పుస్తకం వెతికినట్టు నటించాను.

పుండు ఉంది. నొప్పి లేదు.

జూన్ 27

ఉంది.

అక్క కారం తగ్గించడం మానేసింది, దాని వల్లే. ఓనరు గారి ఎదురుగా టీ వేడిగా తాగాల్సి వస్తోంది, దాని వల్ల కూడా. డాక్టర్ల పది రోజులు మామూలు మనుషుల పది రోజుల్లాంటివి కావు. పైగా నొప్పి లేదు. నొప్పి లేకపోవడం మంచిదేగా.

సర్జను గారికి చూపించాలంటే ఒక రోజు సెలవు పెట్టాలి. ముందుకి వచ్చి ఎన్నాళ్లయిందని, మళ్లీ ఆస్పత్రా అంటారు ఓనరు గారు. మూడో సిట్టింగ్ ఎలాగూ వస్తోంది. లేజరమ్మే చూస్తుంది.

జూలై 4

బావ, నోరు తెరువు అన్నాడు. తెరవలేదు. నీకేం తెలుసు, లేజర్ తర్వాత ఇలాగే ఉంటుంది అన్నాను. బావ వెలిగించిన ఫోను లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

జూలై 15

మూడో సిట్టింగ్. జరగలేదు.

లేజరమ్మ టార్చి వేసి చూసింది. చూస్తూనే ఉంది. గ్లవ్ వేసుకున్న వేలితో అంచు మీద నొక్కి, అక్కడే ఆగిపోయింది. ఇది ఎప్పట్నుంచి ఉంది అంది. పోయినసారి నుంచే అన్నాను. మానకపోతే ఎక్కడికి వెళ్లమన్నాను అంది. హోంవర్కు చేయని పిల్లాడిలా సర్జను గారి దగ్గరికి అన్నాను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నా కళ్ల మీంచి గాగుల్స్ తీసి పక్కన పెట్టింది.

మెషిన్ స్విచ్ వేయనే లేదు. కత్తిరించుకునే వచ్చానండీ, ఒక్కటి కూడా పీకలేదు, కనీసం ఈ పక్కనైనా కొట్టండి అన్నాను. ఆమె అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

జూలై 16

చిన్న ముక్క తీశారు. టెస్టుకి.

జూలై 24

మళ్లీ వచ్చింది.

లేజర్ వల్ల కాదు బాబూ, లేజర్ చేయకపోయినా వచ్చేదే అన్నారు సర్జను గారు. నువ్వు కాస్త ముందు వచ్చి ఉంటే అని ఆగి, పోనీలే అన్నారు. నేనింకా ఆ పోనీలే దగ్గరే కూర్చుని ఉన్నాను. ఈసారి కోత, ఆ తర్వాత కరెంటు. ఎంత వరకు పాకిందో కోసి చూస్తే గాని చెప్పలేనన్నారు. అక్క చేతి సంచీ పట్టీని చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఏదో ఒకటి అడగాలి కాబట్టి, మరి మిగిలిన సిట్టింగులండీ అన్నాను.

అక్కర్లేదు, కరెంటుకి అవే రాలిపోతాయి అన్నారు.

జూలై 25

బావ జోకు వేయలేదు. ఎవరో ఒకరు వేయాలి కదా అని నేనే, గడ్డంలో సున్నా మళ్లీ తీసేశారు బావా అన్నాను. లేచి బాల్కనీలోకి వెళ్లి, ఆరేసిన బట్టల వెనక నిలబడ్డాడు. చాలాసేపు కాళ్లే కనిపించాయి.

ఆగస్టు 21

కోత అయింది. మాట లేదు. పలక మీద రాస్తున్నాను. ఓనరు గారు షోరూంలో అన్నిటికంటే మంచి దిండు తెచ్చి ఇచ్చారు. కవరు తీయలేదు. నీ చోటు నీదే అని అనలేదు. నేనూ అడగలేదు. అడగాలంటే పలక తుడవాలి.

సెప్టెంబరు 30

కరెంటు. రెండో వారం. మొహానికి వలలాంటి మాస్కు తొడిగి బల్లకి బిగిస్తారు. వెలుగు ఉండదు, చురుకు ఉండదు, వాసన ఉండదు. లేజరుకి నలుపొక్కటే కనిపించేది. దీనికి ఏదీ కనిపించదు. అన్నిటినీ ఒకేలా చూస్తుంది.

కారిడార్లో లేజరమ్మ ఎదురైంది. కాసేపు పక్కన కూర్చుంది. మీరు రెండుసార్లు చెప్పారు అని పలక మీద రాశాను. చదివి, తన చేత్తోనే తుడిచేసింది.

అక్టోబరు 8

కుడి బుగ్గ బయటి గడ్డం కూడా రాలిపోయింది. షేవింగ్ సగమే.

అక్టోబరు 17

అద్దంలో చూశాను. లోపల ఒక్కటి కూడా లేదు. నున్నగా ఉంది.

మధ్యాహ్నం జావలో ఒక వెంట్రుక నోటికి తగిలింది. వేలు పెట్టి లాగాను.

వచ్చేసింది. పొడుగ్గా ఉంది. నాది కాదు.