కనుమలో నా కండువా

సూరత్, 2021 శ్రావణం, ఆదివారం రాత్రి

"కొత్త సాంచె మీద తొలి బట్ట దిగంగనే నానేఘాట్ ఎక్కుదాం బావా" అని నలభై ఏళ్ల కిందట నేను కొత్త మరమగ్గం పెట్టినప్పుడు నా బామ్మర్ది నర్సయ్య మాటిచ్చాడు. శాతవాహనుల కాలపు వర్తకులు ఎద్దులతో దాటిన ఆ కనుమ గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. బట్ట దిగింది. వాడు మాత్రం రేపు, మాపు అంటూ దాటవేశాడు. మా నేతవాళ్ల ఆనవాయితీ ప్రకారం ఆ తొలి కండువాను మార్కండేయ స్వామి గుడిలో ఇమ్మని వాడి చేతికే ఇచ్చాను.

లాక్‌డౌన్‌లో ఇల్లు సర్దుతుంటే దొరికిందని ఇవాళ వాడి కోడలు ఒక పాత ఫొటో పంపింది. నానేఘాట్ గుహ ముందు నర్సయ్య, భుజాన నా కండువా. అంచులో నేను తప్పుగా ఎక్కించిన ఎర్ర పోగును నేను గుర్తుపట్టనా?

ఫోన్ చేశాను.

"గది వేరే కండువా బావా. కరోనా వచ్చిపోయినంక నీకు అనుమానాలెక్కువైనయ్."

"గట్లనే గానీ, ఫొటో ఎవరు తీసిండ్రు?"

"తొవ్వల వోయేటోడెవడో."

దారిన పోయేవాడి ముందు ఎవరూ అంత చనువుగా నవ్వరు. ఎవరితో వెళ్లాడో...

ఈ ఊపిరితిత్తులతో నేను మేడ మెట్లే ఎక్కలేకపోతున్నాను, ఇక కనుమ ఎక్కడిది? దేవుడికి చేరాల్సిన బట్ట కప్పుకొని, నేను చూడాల్సిన చోటు చూసొచ్చి, ఇన్నేళ్లూ నా ఎదుటే కూర్చుని టీ తాగాడు నర్సయ్య.