రెండున్నర మూరలు

శుక్రవారం

ఒళ్లు హూనమైంది. అబిడ్స్‌లోని మా బడి మైదానం చదును చేయడానికి ట్రాక్టరు వెనక తగిలించే బ్లేడు కోసం తోటమాలి మల్లయ్యతో కలిసి మధ్యాహ్నమంతా అఫ్జల్‌గంజ్ దుకాణాలు తిరిగాను. అతనికి నడుము నొప్పి. ఇకనైనా పారతో గుంటలు పూడ్చే బాధ తప్పుతుందని నా ఆశ.

మా చిన్న ట్రాక్టరుకు ఎంత వెడల్పు కావాలని దుకాణదారు అడిగాడు. టేపుతో కొలిచాను కదా, మూడడుగులు అన్నాను. మల్లయ్య ముంజేయి చాపి చూపించాడు.

"గిది సాలది సార్. టైర్ల బయట్నుంచి కొలిస్తే రెండున్నర మూరలైతది."

"ఈ కాలంలో మూరలేంటి, ఊరుకో" అన్నాను, దుకాణదారు ముందే. మూడడుగులదే కొన్నాను.

నేను కొలిచింది టైర్ల లోపలి వైపు. సాయంత్రం బ్లేడు నడిచినంత మేరా నున్నగా అయింది. దానికి రెండు పక్కలా మాత్రం టైర్లు దిగబడి చాళ్లు మిగిలాయి. రేపు పొద్దున్నే పిల్లల పరుగు పందేలు. మట్టి అంటిన బ్లేడును దుకాణదారు వెనక్కి తీసుకుంటాడో లేదో...

"జర లైటు ఎయ్యున్రి సార్" అన్నాడు మల్లయ్య.

వెళ్లి వేశాను. అప్పటికే నడుముకు తువ్వాలు బిగించి, వంగి, పారతో ఆ చాళ్లు పూడుస్తున్నాడు.